ఆడమనిషి

"తల కదిలించొద్దమ్మా. కత్తి ఉండాది."

తిరుమల కల్యాణకట్టలో గుండు గీసే ఆమె మహిత మెడ పట్టుకుని ముందుకు వంచింది. సరిగ్గా అప్పుడే మహిత కుడిచెవి జుంకాలోంచి హరినాథ్ గొంతు సన్నగా వినబడింది.

"ఏజెంట్ సెవెన్. వినబడుతోందా? వినబడితే ఒకసారి దగ్గు."

మహిత దగ్గింది.

"దగ్గొద్దు తల్లీ! తెగితే మళ్ళా నన్నే అంటారు."

"గుడ్," అన్నాడు హరినాథ్ చెవిలో. "బ్రీఫింగ్ మొదలు. టార్గెట్, వాహిని. అరచేతిలో పట్టే నల్ల డబ్బా. మన ఏజెంట్ల ఫోన్ మాటల్ని కోడ్‌లోకి మార్చేదీ, తిరిగి మాటలుగా విప్పేదీ అదే. దాన్ని తీసుకెళ్తున్న వ్యాన్ డ్రైవర్ చిన్నబ్బ, చిత్తూరు మనిషి, మూడు వారాల కిందట డబ్బాతో సహా మాయమయ్యాడు. కొంటున్నది మిడత."

మిడత అంటే ఆఫీసు ఒక విదేశీ ముఠాకి పెట్టుకున్న పేరు. ఎక్కడ వాలినా పచ్చగా ఏమీ మిగల్చదని.

"డబ్బా ఇవాళ చెన్నై చేరితే సముద్రం దాటేస్తుంది. ఆ తర్వాత మనవాళ్ళు ఎవరితో ఏం మాట్లాడినా మిడత వింటుంది. మాట్లాడేది ఏ ఊరికో, ఏ ఇంటికో కూడా పసిగడుతుంది. కాబట్టి డబ్బా పోతే ఏజెంట్లందరికీ ఇళ్ళతో లైన్ శాశ్వతంగా కట్. అర్థమైతే దగ్గు."

కత్తి తలమీంచి లేచేదాకా ఆగి మహిత దగ్గింది.

ఆమెకి ఇల్లంటే సత్యవేడులో రెండు గదులు. అందులో అమ్మ దేవకమ్మ, నాలుగేళ్ళ కూతురు లిఖిత. భర్త లారీ ప్రమాదంలో పోయినప్పటికి పాప ఇంకా చంకలోనే ఉంది. మహిత హైదరాబాదులో మందుల కంపెనీలో పనిచేస్తోందని ఊరంతా అనుకుంటారు, అమ్మతో సహా. ఆదివారం ఆదివారం ఒక ఫోను, అంతే ఆ ఇంటికీ ఆమెకీ ఉన్న దారం. మూడు వారాల కిందట చివరిసారి మాట్లాడినప్పుడు పాపకి ఒళ్ళు కాలిపోతోందని అమ్మ చెప్పింది. ఆ రాత్రే ఆర్డరు వచ్చింది: వాహిని దొరికేదాకా ఏ ఏజెంటూ ఇంటికి ఫోన్ చెయ్యరాదు. పాపకి జ్వరం తగ్గిందా, లేదా? అడగడానికి మనిషి లేడు. మూడు వారాలుగా ఆమె ఆ ప్రశ్నని తింటూ, ఆ ప్రశ్నతోనే పడుకుంటూ ఉంది.

జుట్టు కుచ్చులుగా ఒళ్ళో పడింది. ఆఫీసు దృష్టిలో అది డిస్‌గైజ్. తిరుపతి చుట్టుపక్కల గుండుతో ఉన్న మనిషిని ఎవరూ రెండోసారి చూడరు. మహిత దృష్టిలో మాత్రం మొక్కు. ఆ సంగతి రిపోర్టులో రాసే అంశం కాదు.

"అయిపోయిందమ్మా," అంది ఆమె తలమీద నీళ్ళు పోస్తూ. "ఎవురి కోసరం మొక్కుకున్నావు?"

"పాప కోసం."

"అట్నా. యాడుండాది పాప?"

మహిత తలకి గంధం పూసుకుంది.

*

నగరి బస్సులో కిటికీ పక్క సీటు. వేడిగాలికి కొత్త గుండు చురుక్కుమంటోంది. ఫోనులో చిన్నబ్బ పంపిన వాయిస్ మెసేజ్ ఉంది. అసలు గొంతు కాదు. మిడత వాళ్ళ మెసేజ్‌లు ఒక్కసారి వినగానే చెరిగిపోతాయి. చెరిగిపోయేలోపు ఆఫీసు యంత్రం విని అక్షరాల్లోకి దించింది:

"శనివారం మధ్యానం మెడ్రాసు బండి నగరి స్టేషను ఆడమనిషి చేతికి ఇచ్చేస్తా"

"కొరియర్ ఒక ఆడమనిషి," అన్నాడు హరినాథ్ జుంకాలో. "ఎవరో కూడా తెలుసు. రేవతి."

మహిత ఫోను ఒళ్ళో పెట్టేసింది. రేవతి తనతోపాటు శిక్షణ పొందిన పిల్ల. విజయవాడ. ట్రైనింగ్ సెంటర్‌లో ఇద్దరిదీ ఒకటే గది. తర్వాత రేవతి నగల ప్రకటనల్లో మోడల్‌గా మెరిసింది. అది మనవాళ్ళు ఇచ్చిన ముసుగే. రెండేళ్ళ కిందట ఆ ముసుగుతోనే మిడత వైపు దూకింది. దూకిందో, మనవాళ్ళే దూకించారో, ఆఫీసులో ఎవరూ గట్టిగా చెప్పరు.

"రేవతి ఈ ఉదయం చెన్నై నుంచి నగరి వచ్చింది. ఎర్ర పట్టుచీర. దాక్కునే ఉద్దేశం ఉన్నట్టు లేదు. నువ్వు ఆమెని వదలకు. డబ్బా ఆమె చేతికి రాగానే ఆపు."

"బ్యాకప్?"

అవతల చిన్న ఇబ్బంది. "బ్యాకప్ టీమ్ మేకల సంతలో ఉంది."

"మేకల సంతలోనా?"

"తమిళం డెస్క్ వాళ్ళు ఒప్పుకోలేదు. తమిళంలో ఆడు అంటే మేకట. సరిహద్దు ఊరు కదా, ఆడుమనిషి అంటే మేకల వ్యాపారి అని పట్టుబట్టారు. రెండు థియరీలు, ఒకటే టీమ్. టాస్ వేశాం. గ్యాడ్జెట్ అందిందా?"

అందింది. చూడటానికి మామూలు హెయిర్‌పిన్. గుచ్చి నొక్కితే ఎంత మనిషైనా అయిదు నిమిషాలు కట్టెలా పడిపోవాలి.

"గుండు చేయించుకోమన్నదీ మీరే, హెయిర్‌పిన్ పంపిందీ మీరే సర్. యాడ... ఎక్కడ పెట్టుకోవాలి?"

"రెండు డిపార్ట్‌మెంట్లు. సర్దుకో."

లైన్ కట్టయింది. మహిత పిన్నుని జాకెట్టు అంచుకి గుచ్చుకుంది. నాలుక జారి వచ్చిన 'యాడ' అన్న ముక్కని నోట్లోనే నొక్కేసింది. ఎనిమిదేళ్ళ కిందట శిక్షణలో మొట్టమొదట తీసేసింది ఆమె పేరు కాదు, యాస. ఈడ, ఆడ, యాడ అన్నప్పుడల్లా మాస్టారు బల్లమీద చరిచి ఆపేవాడు. "యాస అంటే అడ్రసు! శత్రువు నీ నోట్లోంచి తిన్నగా మీ ఊరికి బస్సెక్కుతాడు." చరిచి చరిచి నోరు దారికొచ్చింది. ఇప్పుడు కలలో కూడా ఇక్కడ, అక్కడ అనే వస్తుంది. ఆ కలల్లో ఊరూ రావడం మానేసింది.

పుత్తూరు దాటింది. దూరంగా నగరి కొండ ముక్కు ఆకాశంలోకి పొడుచుకుని కనిపించింది. ఆ కొండకి అవతల, తూర్పు వైపు పోతే, సత్యవేడు. ఈ దారిన ఇంత దగ్గరగా వచ్చి మూడేళ్ళవుతోంది.

*

నగరి స్టేషనులో ఎండ ప్లాట్‌ఫాం మీద పరుచుకుని ఉంది. మగ్గాల ఊరు కాబట్టి తువ్వాళ్ళ మూటలు, లుంగీల మూటలు రైలు కోసం వరసగా ఎదురుచూస్తున్నాయి. కొండ దిగొచ్చిన గుండ్లు పది పన్నెండు దాకా నీడ వెతుక్కుంటున్నాయి. వాటిల్లో మహిత ఒకతె.

తల కాలిపోతుంటే వేపచెట్టు కింద తువ్వాళ్ళు పరుచుకుని కూర్చున్న మనిషి దగ్గరికి వెళ్ళింది. ఆమెకంటే ముందు ఒక గుండు మనిషి నిలబడి ఉన్నాడు. చంకలో మాసిన చేతిసంచి.

"ఏం మునిచంద్రన్నా, వ్యాపారం యట్ల ఉండాది?"

"ఆరు నెల్లుగా ఈ చెట్టు కిందనే ఉండా గదప్పా. చెట్టుకీ నాకూ తేడా తెలీకుండా పోయింది."

గుండు మనిషి నవ్వి, ఒక తువ్వాలు భుజాన వేసుకుని గబగబా వెళ్ళిపోయాడు. మహిత వెనక నిలబడి అతని తల చూసింది. తెల్లటి నున్నటి గుండు. గంధం లేదు. తుడుచుకున్నాడేమో అనుకుంది.

"నీకేం కావాల పాపా? తలకా?" అన్నాడు మునిచంద్ర. "ఇదో, పచ్చంచుది. నగరి తువ్వాలు, ఇట్టే నీళ్ళు తాగుతాది."

మహిత తువ్వాలు తలమీద వేసుకుని వచ్చి ఒక బెంచీమీద కూర్చుంది. అప్పుడే ప్లాట్‌ఫాం మొత్తం ఒకే వైపు తిరిగింది.

రేవతి వచ్చింది. ఎర్ర పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, మెడలో ప్రకటనలోంచి ఊడిపడినట్టున్న గొలుసు. టీ పోసేవాడు గ్లాసు నిండిపోయినా పోస్తూనే ఉన్నాడు. ఆమె తిన్నగా నడిచొచ్చి, ఖాళీ బెంచీలన్నీ వదిలేసి మహిత పక్కన కూర్చుంది.

"గుండు బాగుంది," అంది పెదవులు కదపకుండా. "చెవులు మాత్రం మారలేదు. ట్రైనింగ్‌లో కూడా నిన్ను ఆ చెవులే పట్టించేవి."

"డబ్బా ఎప్పుడిస్తాడు?"

"ఏ డబ్బా?"

"రేవతీ."

"ఒట్టు. ఎర్రచీర కట్టుకుని నగరి ప్లాట్‌ఫాం మీద అందరికీ కనబడేలా నడువు, తర్వాత రైలెక్కు అన్నారు. నడిచాను. ఎక్కుతాను. ఎందుకని అడిగితే ఇచ్చేది తగ్గిస్తారు." ఆమె కళ్ళద్దాలు కొంచెం దించింది. కళ్ళ కింద నల్లటి గీతలు. "నువ్వింకా ఆదివారం ఇంటికి ఫోన్ చేస్తావా?"

"ఇప్పుడు లేదు."

"అదృష్టవంతురాలివి. కట్ చెయ్యడానికైనా నీకో లైన్ ఉంది."

రేవతి లేచి ప్లాట్‌ఫాం ఆ చివరికి నడిచింది. మహిత చూపు ఆమె వెంట ఉంది గానీ లోపల ఏదో తొలుస్తోంది. రేవతి అబద్ధం చెబితే ఎడమ బొటనవేలు కదులుతుంది. ఇప్పుడు కదల్లేదు. ఆమె ఎర. మరి ఎరని చూస్తూ కూర్చుంటే చేప ఎటు పోతోంది?

రైలు పుత్తూరులో బయల్దేరిందని మైకు చెప్పింది. డబ్బా ఇక దొరకదేమో. దొరక్కపోతే ఇక లైన్ లేదు. జ్వరం తగ్గిందో లేదో కూడా తెలియకుండానే...

పక్కన చంటిబిడ్డని ఒళ్ళో వేసుకుని ఒకావిడ కూర్చుని ఉంది. మహిత తనేం చేస్తోందో తనకి తెలిసేలోపే అడిగేసింది.

"అక్కా, మీ ఫోను ఒక్క నిమిషం ఇస్తారా? మా పాపతో మాట్లాడాలి."

"దానికేముందమ్మా, మాట్లాడుకో."

ఆఫీసు ఫోను కాదు, కోడ్ లేదు, వాహినికి అందదు. అయినా నిషేధం నిషేధమే. ఉద్యోగం పోవచ్చు. నంబరు నొక్కి రింగులు లెక్కపెట్టింది.

"ఎవురూ?" లిఖిత గొంతు.

మహిత ఫోనుని చెవికి అదిమి పట్టుకుంది. గొంతు చల్లగా, గట్టిగా, అల్లరిగా ఉంది. జ్వరం ఉన్న గొంతు కాదు.

"నేనేరా, అమ్మని. జ్వరం తగ్గిందా నాన్నా?"

"మా! యాడికి పోయినావు? ఫోనే చెయ్యలేదు! ఈడ నాకు ఐసు ఇచ్చినాడు. ఆడ మనిషి ఇచ్చినాడు."

"ఆడమనిషి అయితే ఇచ్చినాడు అనకూడదమ్మా. ఇచ్చింది అనాలి."

"ఇచ్చింది కాదు మా, ఇచ్చినాడు! ఆడ మనిషి!"

"అదే నాన్నా, ఆడమనిషి కదా, అందుకని..."

"అయ్యో, కాదు మా! ఆడ! గేటు కాడ! ఆడ ఉండే మనిషి! మీసాలుండాయి!"

అవతల దేవకమ్మ నవ్వు, ఫోను చేతులు మారిన చప్పుడు. "ఏం మే, బిడ్డ మాట నీకు తెలీకుండా పోయిందా? గేటు కాడ ఐసు బండి ఆయప్ప గురించి సెప్తా ఉండాది. జ్వరం యాడిది, మర్నాటికే పోయింది. నువ్వు యట్ల ఉండావు? మే? ఉండావా?"

మహిత లేదు. ఆమె చూపు వేపచెట్టు మీద ఉంది.

ఆడమనిషి. ఆడ మనిషి. మధ్యలో ఒక ఖాళీ. యంత్రం మింగేసిన ఖాళీ.

చిన్నప్పుడు నాయన చెప్పేవాడు. 'ఆ కడ' అనే మాట పుస్తకాల్లో అక్కడ అయితే, మనోళ్ళ నోట్లో అరిగి అరిగి ఆడ అయిందని ఆయన లెక్క. "ఆడబిడ్డలో ఉండే ఆడ వేరే మే. ఆటలాడటంలో ఉండే ఆడ ఇంకోటి. మూడిటికీ మొగం ఒగటే, తల్లులు మాత్రం వేరే. సుట్టరికం లేదు." చిన్నబ్బ చిత్తూరు మనిషి. వాడు చెప్పింది ఆడదాని గురించి కాదు, మేకల గురించి అసలే కాదు. నగరి స్టేషను, ఆడ మనిషి. ఆడ ఉండే మనిషి. ఎప్పుడూ ఆడనే ఉండే మనిషి.

హైదరాబాదులో ఎవరికీ తట్టకపోవడం వింత కాదు. సత్యవేడులో పుట్టిన తనకి తట్టలేదు. పరాయి మాటలాగా చదివింది.

"అమ్మా, మళ్ళీ చేస్తా," అంది. ఫోను ఆ తల్లికి ఇచ్చి లేచింది.

వేపచెట్టు కింద మునిచంద్ర మూట కడుతున్నాడు. ప్లాట్‌ఫాం మీద అమ్మకందార్లంతా రైలొస్తోందని సరుకు విప్పుకుంటుంటే అతనొక్కడే బిగించి కడుతున్నాడు. అతని కాళ్ళ దగ్గర మాసిన చేతిసంచి, ఖాళీగా, నోరు తెరిచి పడుంది. గంధం లేని గుండు మనిషి చంకలోది. ఆ గుండు కొండమీద గీయించింది కాదు. చిన్నబ్బ తన కళ్ళ ముందే, చేతికందేంత దూరంలో, డబ్బా ఇచ్చి తువ్వాలు కొనుక్కుని పోయాడు. ఆ తువ్వాళ్ళలోనే ఒకటి తన తలమీద ఉంది.

రైలు వచ్చి ఆగింది.

జనం తోసుకున్నారు. పరిగెత్తబోయిన మహితకి లుంగీల మూటలు అడ్డం పడ్డాయి. ఆమె దాటేసరికి మునిచంద్ర పెట్టె మెట్టు ఎక్కేశాడు. రైలు కూత వేసి కదిలింది. ఆగేది ఒక్క నిమిషమే.

"ఏయ్, మునిచంద్రా!"

అతను వెనక్కి చూశాడు. వ్యాపారి కళ్ళు కావవి. మహిత రైలుతోపాటు పరిగెత్తి చేతికడ్డీ అందుకుంది. అతను కాలితో ఆమె వేళ్ళమీద తొక్కాడు.

"దిగు పాపా. సచ్చిపోతావు. నీకెందుకీ పని?"

వదల్లేదు. ఇంకో చేత్తో జాకెట్టు అంచు తడుముకుంది. తలలో పెట్టుకుని ఉంటే చెయ్యి అక్కడికి పోయేలోపు పడిపోయేది. పిన్ను వేళ్ళకి తగిలింది. అతని పిక్కలో గుచ్చి నొక్కింది.

మునిచంద్ర కళ్ళు తేలేసి తలుపులోనే కూలబడ్డాడు. మూట అతని చేతుల్లోంచి జారి పెట్టె లోపలికి దొర్లింది. ఎవరో జీన్స్ ప్యాంటు కుర్రాడు దాన్ని అందుకుని తర్వాతి పెట్టెవైపు తోసుకుంటూ పోయాడు. చెన్నై దాకా మిడతకి ఎన్ని కాళ్ళున్నాయో! ప్లాట్‌ఫాం అయిపోవస్తోంది.

లోపల, కిటికీ పక్కన, ఎర్ర పట్టుచీర.

"రేవతీ! గొలుసు! గొలుసు లాగు!"

పెట్టెలో ఆడవాళ్ళంతా ఒక్కసారిగా మెడలు పట్టుకున్నారు. "దొంగలబ్బా, దొంగలు!" అని ఒక ముసలమ్మ కేక. రేవతి చెయ్యి కూడా తన మెడ దగ్గరికే పోయింది. ఒక్క క్షణం ఇద్దరి చూపులూ కలిశాయి. ఆ క్షణంలో రేవతి ఏ వైపు లెక్క వేసుకుందో దేవుడికే తెలియాలి. తర్వాత కళ్ళు పైకెత్తి, కిటికీ మీద వేలాడే ఎర్ర గొలుసుని చూసింది. లేచి, రెండు చేతులతో లాగింది.

రైలు కీచుమంటూ ఆగింది. ఆఖరి పెట్టె ఇంకా ప్లాట్‌ఫాం మీదే ఉంది. జీన్స్ కుర్రాడిని ముసలమ్మ తన గొలుసు దొంగే అనుకుని చొక్కా పట్టుకుని వదల్లేదు. మిగతా పని పెట్టెలో జనమే చేశారు. రైల్వే పోలీసులు మునిచంద్రకి బేడీలు వేసి వచ్చేసరికి వాడు తనని అరెస్టు చేయమని వాళ్ళనే బతిమాలుతున్నాడు.

మూట విప్పితే, పచ్చంచు తువ్వాలు మడతల్లో, నల్ల డబ్బా.

*

"రిపోర్టులో నా పేరు రాయకు," అంది రేవతి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ. "నేనెవరి మనిషినో తేలితే రెండు చోట్లా ఉద్యోగం పోతుంది."

"ఎవరి మనిషివి?"

"ఇవాళ్టికి నీ మనిషిని." నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంది. "ఆదివారం ఫోన్ చేసినప్పుడు మీ పాపకి నేను అడిగానని చెప్పు. నా పేరు చెప్పక్కర్లేదు."

స్టేషను గేటు దాటి ఎర్రచీర ఎండలో కలిసిపోయింది. మహిత బెంచీమీద ఒక్కతే కూర్చుంది. వేళ్ళు వాచి ఉన్నాయి. ఒళ్ళో డబ్బా, దానిమీద తువ్వాలు.

జుంకా గరగరలాడింది.

"వెల్ డన్ సెవెన్! చిన్నబ్బని తడుకు స్టేషను దగ్గర పట్టుకున్నారు. మేకల సంత టీమ్ కూడా వస్తోంది. పాపం, రెండు మేకలు కొనాల్సొచ్చింది వాళ్ళకి. నువ్వు డబ్బా తీసుకుని నేరుగా రేణిగుంట ఎయిర్‌పోర్టుకి బయల్దేరు. మధ్యలో ఎక్కడా ఆగొద్దు."

"ఇంటికి ఫోన్లు?"

"రేపట్నుంచి ఓపెన్. రేపు ఆదివారమే కదా. ఇంతకీ రేవతి కాదని నీకెలా తట్టింది?"

"ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఒక ఖాళీ తగ్గింది సర్. వివరంగా రాస్తాను."

"తట్టించిందెవరు? సోర్స్ ఉండాలిగా. ఫైల్లో పెట్టాలి."

"ఉంది సర్. పేరు చెప్పలేను. నమ్మకమైన సోర్స్. కాస్త అల్లరి ఎక్కువ."

"సరే, పేరొద్దు. ఎక్కడుంటుంది?"

గేటు బయట రోడ్డుమీద ఒక బస్సు ఆగింది. ముందు అద్దం మీద సత్యవేడు అని రాసి ఉంది. కండక్టరు పిలిచాడు. ఇద్దరు ఎక్కారు. ఒక సీటు ఖాళీగానే ఉంది. బస్సు తూర్పుకి తిరిగి, కొండ ముక్కు కింద నుంచి, చిన్నదై, ఇంకా చిన్నదై పోయింది. ఎనిమిదేళ్ళుగా తను ఎవరికీ ఈడ మనిషి కాలేదు. అమ్మకీ, పాపకీ తనెప్పుడూ ఆడ మనిషే.

మాస్టారు బల్ల చరిచే చప్పుడు చెవిలో మోగింది. మోగనిచ్చింది.

"ఆడ సర్," అంది.

"ఆడో మగో కాదమ్మా నేనడిగింది," అన్నాడు హరినాథ్ విసుగ్గా. "ఎక్కడ అని!"